అద్దానికి దుప్పటి

రాత్రి పదింటికి కబురొచ్చింది,
వాయుగుండం బలపడింది,
పోర్టులో మూడో నంబరు ఎగరేశారని.
తెల్లారేసరికి రుషికొండ స్పీడు బోటు
ఫిషింగ్ హార్బర్ షెడ్డులో ఉండాలి.

నీళ్ళ మీద దీని సంగతి నాకు తెలుసు.
నురగ మొహాన కొట్టినా రెప్ప వెయ్యదు ఈ ముందరద్దం.
ట్రైలరెక్కితే మాత్రం
పరాయి ఊళ్ళో దిగిన మనిషి,
దేనికైనా ఉలిక్కిపడుతుంది.
గాలి ఎటు తిరుగుతుందో సముద్రం కాస్త ముందే చెబుతుంది.
పక్కనుంచి దూసుకెళ్ళే లారీ
ఏ నంబరూ ఎగరేయదు.

పోయినేడు ఇదే దారి.
సాగర్‌నగర్ దగ్గర కంకర బండి
చింతగింజంత రాయొకటి విసిరి పోయింది.
పెద్ద చప్పుడేం కాదు,
మూకుట్లో జొన్న పేలినట్టు, అంతే.
తెన్నేటి పార్కు దగ్గరికొచ్చేసరికి ఆ చుక్కకి కాళ్ళు మొలిచాయి.
లాసన్స్ బే దాటేసరికి సాలీడు.
హార్బర్ గేటు దగ్గర దిగి చూస్తే
చట్రం ఉంది,
చట్రంలో అద్దం ఉండాల్సినంత మేర సముద్రం ఉంది.
ఎనిమిది నెలలు నా జీతంలోంచి
నెలకి మూడువేలు ఆ చింతగింజ తిన్నది.

అందుకే ఈసారి ముందు మంచినీళ్ళు.
"పొడిగుడ్డ పెట్టకురా, ఉప్పు గీరేస్తది" అని
ఎల్లాజీ చేతిలోది లాక్కున్నాను.
కడిగి, ఆరనిచ్చి,
మా ఆవిడ వద్దంటున్నా తెచ్చిన నూలు బొంత పరిచి,
దాని మీద టార్పాలిన్.
ఒక్క కొస వదులుగా ఉన్నా చాలు,
పరుగులో అది కొరడా అయిపోతుంది,
రాయి చేసే పని కప్పిన గుడ్డే చేసిపెడుతుంది.
నడిమి తలుపుకి గడియ వేశాను.
గడియని నమ్మలేక వలతాడు బిగించాను.

ఇక వెనకనుంచి ఏదో ఒక ఆనుడు కావాలి.
చీకట్లో ఏదీ చేతికి తగల్లేదు.
"నానట్టుకుంతాను, నువ్ తోలీ" అని
ఎల్లాజీ పైకెక్కి
బొంతకి వీపానించి కూచున్నాడు.

నేను వద్దనలేదు.
ఈ ముక్క దాచుకుని మిగతాది చెప్పడం బాగుండదు.
అద్దం ఖరీదు నాకు పైసలతో సహా తెలుసు.
వాడి వీపు ఖరీదు ఎవరూ నా జీతంలో కోయలేదు.

జోడుగుళ్ళపాలెం మలుపులో కానిస్టేబుల్ చెయ్యెత్తాడు.
తడిసిన రెయిన్‌కోటు, చేతిలో టార్చి.
వెలుతురు బొంత మీద కాసేపు నిలబడి
తర్వాత వాడి మొహం మీదకి జరిగింది.
"అద్దానికి దుప్పటి కప్పావు, బానే ఉంది.
మరి ఈ గుంటడికేటి కప్పావు?"

చలానా రాయలేదు.
జవాబు కోసం ఆగనూ లేదు.
రాస్తే బాగుండేది.

వాణ్ణి ముందు సీట్లోకి దించి
పడవలోకి నేనెక్కాను.
సీటు కింద పెట్టెలో, ఎప్పుడూ ఉండే చోటే,
లైఫ్ జాకెట్లు.
రెండు కుక్కి, సర్వి కర్ర అడ్డం పెట్టి,
తాడు లాగి చూశాను. కదల్లేదు.
పది నిమిషాలు.
రుషికొండలోనూ పది నిమిషాలే పట్టేది.

నలభై దాటనివ్వలేదు ముల్లుని.
వెనకనున్న బస్సు హారన్‌తో బూతులు తిట్టి మరీ దాటింది.
అప్పూఘర్ దగ్గర ఎల్లాజీ నిద్రలోకి జారాడు.
ప్రతి గోతికీ వాడి తల
కిటికీ అద్దానికి తగిలి, టక్, మళ్ళీ టక్.
బండి పక్కకి తీసి ఆపాను.
భుజం మీది తువ్వాలు నాలుగు మడతలు పెట్టి
వాడి తలకీ అద్దానికీ మధ్య దోపాను.

హార్బర్లో బొంత విప్పేసరికి చినుకులు.
గీత లేదు.
ఓనరు ఫోను: "ఏవయ్యా, క్షేమంగా వచ్చిందా?"
ముందు సీటు వైపు చూశాను.
నోరు తెరుచుకుని, తువ్వాల మీద చొంగ కారుస్తూ
ఇంకా లేవలేదు.
"ఆఁ," అన్నాను, "క్షేమంగానే వచ్చాడండి."